అనసూయ గారింట్లో సంచి

“ఆ సంచి ఇంకా అనసూయ గారింట్లోనే పడుందిట!”

వాకిట్లోంచే అరుస్తూ లోపలికి వచ్చింది కనకలక్ష్మి. చేతిలో పాలగిన్నె ఉంది. పాలు పోయించుకోవడానికి గుమ్మం దాకా వెళ్ళిన మనిషి, పక్కింటి గడప దాకా వెళ్ళి ఆరా తీసుకొచ్చిందన్నమాట.

“నిన్న వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళరా అని లక్షసార్లు చెప్పాను. తీసుకెళ్ళావా? ప్రస్థానం పెట్టేది దేనికి, పక్కింటివాళ్ళకి నీ చొక్కాలు దాచిపెట్టడానికా?”

విజయసారథి కంప్యూటర్ ముందు కుర్చీలో ఉన్నాడు. నిన్న బాపట్ల నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆ కుర్చీయే అతని ఇల్లయింది. గడ్డం గీసుకోలేదు. పెట్టిన ఇడ్లీలు పెట్టినట్టే ఉన్నాయి.

“అమ్మా, ఆ సంచి గోల ఆపుతావా?”

“ఎందుకాపాలి? గురువారం దక్షిణ శూల, అటు కదలకూడదు. బాపట్ల మనకి దక్షిణం. అందుకేగా మీ నాన్న బుధవారమే మంచి ఘడియ చూసి, నీ బట్టలు సంచిలో పెట్టి, అక్షింతలు వేసి, అనసూయ గారింట్లో పెట్టించారు! వెళ్తూ వెళ్తూ ఆ సంచి చేతికి తీసుకుంటే బుధవారమే బయల్దేరినట్టు లెక్క. నువ్వేమో బండి వెళ్ళిపోతోందని పరిగెత్తావు. ఇప్పుడేమైంది?”

“ఏమైందా? ఆ నెట్ సెంటర్ బర్నబాస్ నా కొంప ముంచాడు. అదీ అయింది.”

వంటింటి గుమ్మం దగ్గర కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ కోడలు కౌముది ఆ పేరు వినగానే ఉలిక్కిపడింది. కాఫీ కొంచెం ఒలికి వేళ్ళు చురుక్కుమన్నాయి. నిన్నటి నుంచీ ఆ పిల్ల ఏమీ అనడం లేదు. ఆ ఇంట్లో ఎవరూ అది గమనించకపోవడం ఆమె అదృష్టమో దురదృష్టమో.

“పాపం, ఆయన అంత ఏర్పాటు చేశాడు కదరా,” అంది కనకలక్ష్మి కాస్త తగ్గి.

“ఏర్పాట్లు చేసింది నేను! నెల రోజుల నుంచి ఒకటే పని. తెనాల్లో కరెంటు కోత అని బాపట్ల వెళ్ళాను. జనరేటర్ ఉందా, ఉంది. ఒక ఫోన్ లైను పోతే ఇంకో లైను ఉందా, ఉంది. బుధవారం పొద్దున్నే వెళ్ళి కంప్యూటర్లో చెత్తంతా తీయించాను. కాగితం పోతుందేమోనని పాస్‌వర్డ్ ఇంకోచోట కూడా రాసి కౌముదికిచ్చాను. ఇంతకన్నా ఎవడు జాగ్రత్తపడతాడమ్మా? తీరా నేను పాస్‌వర్డ్ కొట్టేసరికి కరెంటు పోయి, రెప్పపాటులో వచ్చింది. అంతే! ‘మీ పరీక్ష ముగిసింది’ అని తెర మీద వచ్చింది. ఒక్క ప్రశ్న చూడకుండా ముగిసిపోయింది!”

ముప్ఫై ఏళ్ళు దాటిన మగవాడు తల్లి ముందు ఏడుపు ఆపుకోవడం చూడడానికి ఎవరికీ బాగుండదు. కనకలక్ష్మి పాలగిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చమురు ఓడల్లో పనిచేసే ఆఫీసర్లకి కంపెనీ కొత్తగా పెట్టిన పరీక్ష అది. ఎక్కడి నుంచైనా రాయొచ్చు, కాకపోతే కంపెనీ లిస్టులో ఉన్న నెట్ సెంటర్ నుంచి రాస్తే ఏదైనా జరిగినా చెప్పుకోవడానికుంటుందని సారథి ఆలోచన. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఓడ లేదు. ఎక్కడో బ్యాంకులు కూలాయిట, దాంతో ఓడలన్నీ లంగరేసుకుని కూర్చున్నాయి. సారథి కూడా ఏడాదిగా తెనాలి గంగానమ్మపేటలో లంగరేసుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి ఒక ఓడలో చోటుందని కబురొచ్చింది.

ఆ ఏడాది అతనికి ఎలా గడిచిందో గానీ, కౌముదికి మాత్రం పెళ్ళయ్యాక అదే కాపురం. అంతకుముందు మొగుడంటే ఫోన్లో వినిపించే గొంతు. ఈ ఏడాదే అతనికి వంకాయ పడదనీ, నిద్రలో కూడా గడియారం తీయడనీ తెలిసింది. సాయంకాలం కాలవ గట్టున ఇద్దరూ నడిచి వెళ్తుంటే ఎవరైనా “మీవారు సెలవు మీద వచ్చారా?” అని అడిగితే ఆమెకు కోపం వచ్చేది.

“కాఫీ,” అంది గ్లాసు బల్ల మీద పెట్టి.

“నువ్వు చెప్పు కౌముదీ. రేపల్లెలో కంప్యూటర్ కోర్సు చేశావు కదా. కరెంటు రెప్పపాటు పోతే పరీక్ష మొత్తం పోతుందా?”

“ఏమోనండి.”

“పోతుంది. ఆ బర్నబాస్ చేతకానివాడైతే పోతుంది.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఇది, కాకపోతే ఆ మాట సారథికి వర్తించదు. అతనికి ఆటా తెలుసు, మద్దెలా బాగానే ఉంది. దరువు ముందురోజే ఎవరో వేసేశారన్న సంగతే తెలియదు.

*

కంపెనీ ముంబయి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసరికి కనకలక్ష్మి కూర తరుగుతోంది. సారథి ఇంగ్లీషులోనూ హిందీలోనూ “యస్ మేడమ్, యస్ మేడమ్” అంటూ గది నిండా తిరిగాడు. ఫోన్ పెట్టేసేసరికి అతని మొహంలో నిన్నటి మనిషి లేడు.

“ఇంకో అవకాశం ఇస్తారట!”

“వేంకటేశ్వరస్వామీ!” అని కత్తిపీట పక్కకు నెట్టి దణ్ణం పెట్టింది కనకలక్ష్మి.

“వాళ్ళ దగ్గర పరీక్ష ఒకసారి తెరిచి మధ్యలో ఆగిపోయినట్టు ఉందట. లైనులో లోపమా అని అడిగింది. అవునన్నాను. అయితే సెంటర్ యజమాని చేత లోపం మాదేనని రాయించి, సంతకం, ముద్ర వేయించి, సోమవారంలోగా ముంబయి ఆఫీసులో స్వయంగా ఇమ్మంది.”

“అలా రాసిస్తే బర్నబాస్ గారికి ఏమవుతుందండి?” అంది కౌముది.

“లిస్టులోంచి తీసేస్తారట.”

“ఆ లిస్టులో ఉండడం కోసమే కదా ఆయన జనరేటర్ కొన్నది! సూర్యలంక వైపు కుర్రాళ్ళందరూ ఓడ పరీక్షలు అక్కడే రాస్తారని మీరే చెప్పారు.”

సారథి ఆమెను వింతగా చూశాడు. “నీకు నా పరీక్ష ముఖ్యమా, అతని జనరేటర్ ముఖ్యమా?”

కౌముది తల దించుకుంది.

“ఇంకో సంగతి విన్నావా, నవ్వొస్తుంది. మధ్యలో ఆవిడ అడిగింది, మీ పాస్‌వర్డ్‌తో వేరే ఎవరైనా తెరిచారా అని. అలా తేలితే ఇక ఆ కంపెనీ గుమ్మం ఎక్కనివ్వరట. నా పాస్‌వర్డ్ నా దగ్గర, మా ఆవిడ దగ్గర తప్ప ఎక్కడుంది మేడమ్ అన్నాను.”

అతను నిజంగానే నవ్వాడు. నిన్నటి నుంచీ అదే మొదటి నవ్వు. కౌముది ఆ నవ్వు వైపు చూడలేక, ఎప్పుడో కడిగేసిన గిన్నెలు మళ్ళీ కడగడానికి పెరట్లోకి వెళ్ళింది.

*

పెరటి వసారాలో పడక్కుర్చీలో ఆమె మామగారు వేంకటేశ్వర్లు గారు ఉన్నారు. కంటి ఆపరేషనయ్యాక వేసుకున్న నల్లద్దాలు ఇంకా తీయలేదు. ఒళ్ళో పంచాంగం ఉంది. అక్షరాలు ఆనకపోయినా అది ఒళ్ళో ఉంటే ఆయనకి ధైర్యం. బాపట్ల, రేపల్లె, తెనాలి బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పిల్లల్ని బెత్తంతో కొట్టింది తక్కువ, అబద్ధం ఆడితే మాట్లాడ్డం మానేసి చంపింది ఎక్కువ.

“విన్నానమ్మా. ఇంకో అవకాశమట. ముంబయి పడమర కదా? ఇవాళ శుక్రవారం, పడమర శూల. ఆదివారమూ అంతే. రేపు బయల్దేరమని చెప్పు.”

“అలాగే మామయ్యగారూ.”

“పరీక్ష మళ్ళీ ఎప్పుడో తెలిస్తే...” ఆయన గొంతు తగ్గించారు. “మొన్నటి లాగే దానికి కూడా ముందు మంచి ఘడియలో ప్రస్థానం పెడదామా? నువ్వొకసారి ఆ తలుపు తెరిచి మూసెయ్యి. మొన్న మంచి ఘడియే దొరికింది. సంచి మర్చిపోయాడు గానీ, లేకపోతే ఈ విఘ్నం ఉండేది కాదు.”

కౌముది చేతిలో గిన్నె జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడు ఆగాక కూడా ఆమె వంగి దాన్ని తీయలేదు.

బుధవారం పొద్దున్న జరిగినదంతా మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. సారథి బాపట్ల వెళ్ళాడు. అత్తగారు సంచి పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. మామగారు మడి కట్టుకుని కంప్యూటర్ దగ్గరికొచ్చారు. దానికి బొట్టు పెట్టారు. “మనిషికి ప్రస్థానం పెట్టాం, పరీక్షకీ పెడదాం. ఇవాళ్టి నుంచే తెరుచుకుంటుందన్నాడుగా! ఒక్కసారి తెరువమ్మా, మూసేద్దాం” అని చేతులు జోడించి నిలబడ్డారు. ఆమె తెరిచింది. ఒక ప్రశ్న వచ్చింది, పక్కన గడియారం వెనక్కి నడవడం మొదలుపెట్టింది. “చాలు తల్లీ,” అన్నారాయన. ఆమె మూసేసింది.

“ఏమ్మా, మాట్లాడవేం?”

“మామయ్యగారూ... అది తలుపు కాదండి.”

“మరి?”

“అదే పరీక్షండి. ఒక్కసారే తెరుచుకుంటుంది. మనం తెరిచాం, మూసేశాం. అదే అయిపోయింది.”

వేంకటేశ్వర్లు గారు కదల్లేదు. నల్లద్దాల వెనక కళ్ళు ఏం చేస్తున్నాయో తెలియలేదు. 

“అయితే బర్నబాస్...”

“ఆయన తప్పేమీ లేదండి.”

“సారథికి చెప్పావా?”

“లేదండి.”

ఆయన పంచాంగం మూశారు. తెరిచారు. మళ్ళీ మూశారు.

“చెప్పకు,” అన్నారు.

కౌముది నిర్ఘాంతపోయింది. ఈ మాట ఈయన నోట వస్తుందని రేపల్లెలో పుట్టింటివాళ్ళు ఎవరైనా చెప్తే ఆమె నమ్మేది కాదు. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న, “అబ్బాయి సంగతి తరవాత, ఆ మాస్టారింటికి నిన్ను ఇస్తున్నానంటే నాకు అదే తృప్తి” అన్నాడు.

“చెప్తే వాడి బతుకు పోతుందమ్మా. నా మొహం చూడడు, నీ మొహం చూడడు. బర్నబాస్ ఎలాగో మళ్ళీ నిలదొక్కుకుంటాడు. చెప్పకు.” ఆయన ఆమె వైపు కాస్త వంగారు. “నేను ముసలివాణ్ణి. నాకోసం.”

ఆమె ఏడుస్తూ తలూపింది. ఆయన చూపుకి ఆనలేదేమో, మళ్ళీ అడిగారు, “ఏమ్మా?” “అలాగేనండి,” అంది.

*

బర్నబాస్ మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఎండలో స్టేషన్ నుంచి నడిచి రావడం వల్ల చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గుమ్మం బయటే చెప్పులు వదిలి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. నిన్న సారథి తన సెంటర్లో పదిమంది కుర్రాళ్ళ ముందు అన్న మాటలు అతను మర్చిపోయి ఉండడు.

“రా నాయనా, కూర్చో. కాళ్ళు కడుక్కో, భోంచేద్దువుగాని,” అంది కనకలక్ష్మి.

“వద్దమ్మగారూ, తినే వచ్చానండి.” అతను కుర్చీ అంచున కూర్చుని సారథి వైపు తిరిగాడు. “రాత్రంతా ఆలోచించానండి. ఎక్కడో నా దగ్గరే పొరపాటు జరిగుంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకోవడం ఆలస్యమైందేమో. నన్ను నమ్ముకుని వచ్చారు. మీరు ఫోన్లో చెప్పినట్టే రాసి తెచ్చానండి.”

అతను చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. చెమటకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చాడు.

“థాంక్స్,” అన్నాడు సారథి. నిన్నటి మాటలకి క్షమాపణ అదేనేమో. “కోపంలో ఏదో అన్నాను. ఏమీ అనుకోకండి.”

“అయ్యో, మీ చోట నేనుంటే ఇంకా ఎక్కువ అనేవాణ్ణండి.” అప్పటికి అతనికి పెరట్లోంచి నెమ్మదిగా వస్తున్న వేంకటేశ్వర్లు గారు కనిపించారు. చటుక్కున లేచాడు. “మాస్టారూ, బాగున్నారా? నేను, బర్నబాస్‌నండి. బాపట్లలో ఎనిమిదో తరగతి. మీకు గుర్తుండదు.”

“గుర్తుంది,” అన్నారాయన. “పద్యం అప్పజెప్పలేక కడుపునొప్పి అన్నావు.”

“ఔనండి!” బర్నబాస్ మొహం వెలిగిపోయింది. “అబద్ధమని మీకు తెలిసిపోయింది. కొట్టలేదు, తిట్టలేదు, నాతో మాట్లాడ్డం మానేశారు. మళ్ళీ మీరు నోరారా పేరు పెట్టి పిలిచే దాకా నాకు అన్నం సయించలేదండి. మా సెంటర్లో కుర్రాళ్ళకి ఇప్పటికీ చెప్తుంటాను. ఇవాళ కూడా అదే అనుకున్నానండి. తప్పు నాదైనప్పుడు రాసివ్వడానికి సిగ్గెందుకు, మా మాస్టారింటికేగా ఇస్తున్నాను అని.”

వేంకటేశ్వర్లు గారు చెప్పులైనా వేసుకోకుండా వాకిలి దాటి బయటికి వెళ్ళారు.

“ఎక్కడికండీ ఈ ఎండలో?” అని కనకలక్ష్మి కేకేసింది.

అనసూయ గారి గేటు కిర్రుమనడం వినిపించింది. కాసేపటికి ఆయన తిరిగొచ్చారు. చేతిలో పసుపు రాసిన గుడ్డసంచి ఉంది. దాన్ని తెచ్చి కొడుకు ముందు బల్ల మీద పెట్టారు. సంచి అంచు నుంచి రెండు అక్షింతలు రాలాయి.

“ఇప్పుడెందుకు నాన్నా ఇది?”

“నేను పెట్టిన ప్రస్థానం ఇదొక్కటే కాదురా సారథీ. బుధవారం ఇంకోటి పెట్టాను. నీ పరీక్షకి. కౌముది చేత ఈ కంప్యూటర్లో తెరిపించి, మూయించాను. బర్నబాస్ కరెంటు పోయినా పోకపోయినా నీ పరీక్ష అప్పటికే అయిపోయింది.”

కనకలక్ష్మి చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. బర్నబాస్ చేతిలో కాగితం గాలికి రెపరెపలాడుతోంది. అతను దాన్ని మళ్ళీ కవర్లో పెట్టలేదు, బల్ల మీదా పెట్టలేదు.

సారథి తండ్రిని చూడలేదు. భార్యను చూశాడు.

“నిజమేనా?”

“నిజమేనండి.”

“నిన్నటి నుంచీ నీకు తెలుసు. నేను ఈ మనిషిని నోటికొచ్చినట్టు తిడుతుంటే వింటూ కూర్చున్నావు.”

“దాన్ననకురా, నేనే చెప్పొద్దన్నాను,” అన్నారు వేంకటేశ్వర్లు గారు.

“మీరుండండి నాన్నా. మీకు కంప్యూటరంటే తెలియదు. ఈమెకు తెలుసు.” సారథి లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని కౌముదికి అనిపించింది. “తెరిచే ముందు తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. ఒకసారి మొదలుపెడితే ఆపడానికి వీల్లేదు, మళ్ళీ తెరుచుకోదు అని. ఎర్ర అక్షరాలతో. నీకు వచ్చిందా?”

“వచ్చింది.”

“చదివావా?”

మామగారి తల ఆమె వైపు తిరిగింది. ఈ సంగతి ఆయనకీ తెలియదు.

“చదివాను,” అంది కౌముది.

“చదివి కూడా ఎందుకు నొక్కావు?”

మామయ్యగారు చెప్పారని అంటే సరిపోయేది. అందరూ నమ్మేవారు. అందులో అబద్ధం కూడా లేదు, ఆయన చేతులు జోడించి పక్కనే నిలబడ్డారు. కానీ ఆ ఎర్ర అక్షరాలు చదివాక, నొక్కే ముందు, ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆమెకు కనిపించింది మామగారు కాదు. సాయంకాలం కాలవ గట్టు కనిపించింది.

“ఏమోనండి,” అంది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. “మామయ్యగారి మాట కాదనలేక అని నిన్నటి దాకా నాకు నేనే చెప్పుకున్నాను. ఈ ఓడ కూడా పోతే మీరు ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉంటారని కూడా నొక్కానేమో. నాకే తెలియడం లేదు.”

సారథి బర్నబాస్ వైపు చెయ్యి చాచాడు.

“ఆ కాగితం ఇవ్వండి.”

బర్నబాస్ మాస్టారి వైపు చూశాడు. “ఇవ్వమంటారా మాస్టారూ?”

ఎనిమిదో తరగతి కుర్రాడు అడిగినట్టే అడిగాడు. ఎన్నో తరగతుల పిల్లలకి ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పిన మనిషి నోరు తెరిచారు. మాట రాలేదు.

సారథే ముందుకొచ్చి ఆ కాగితం అతని వేళ్ళ మధ్య నుంచి తీసుకున్నాడు. చించుతాడేమో అనుకుంది కౌముది. చించలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీది సంచి అందుకుని భుజానికి తగిలించుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

ప్రస్థానం సంచి చేతికి తీసుకుంటే ప్రయాణం మొదలైనట్టే. కాగితం ఇవ్వడానికి వెళ్తున్నాడో, నిజం చెప్పడానికి వెళ్తున్నాడో, తిరిగి ఈ ఇంటికి వస్తాడో రాడో అతను చెప్పలేదు. కౌముది గుమ్మం దాకా వెళ్ళింది. అతను వెనక్కి తిరగకుండా స్టేషన్ వీధి మలుపు తిరిగాడు.

శుక్రవారం పడమర శూల అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆగమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.